జర్మనీ, పోలండ్ మధ్య ఇంత గొడవుంటే వ్యాపారం ఎలా నడుస్తోంది?

మీరు అడిగింది ఇదీ: పోలండ్‌లోని వ్రొత్స్వాఫ్‌లో ఒక జర్మన్ కంపెనీ యూనిట్ నుంచి ఆఫర్ వచ్చింది. వార్తలు చూస్తే పోలండ్ యుద్ధ నష్టపరిహారం కావాలంటోంది, రెండు దేశాలూ సరిహద్దులో చెకింగులు పెట్టుకున్నాయి, గ్యాస్ పైప్‌లైన్ మీద ఒకళ్ళనొకళ్ళు దెప్పుకుంటున్నారు. ఇంట్లో నాన్నగారేమో "వాళ్ళిద్దరికీ పడట్లేదట, ఆలోచించుకో" అంటున్నారు. ఈ గొడవ ఎక్కడిదాకా పోతుంది, ఇంత గొడవలోనూ వ్యాపారం ఎందుకు పెరుగుతోంది, వెళ్ళొచ్చా అని.

నేను ఆటో విడిభాగాల కొనుగోళ్ళలో పనిచేస్తున్నాను. ఆర్డర్లు జర్మనీ వైపు, సప్లయర్లు ఎక్కువమంది పోలండ్ వైపు. కాబట్టి ఈ రెండు దేశాల మధ్య కదిలే సరుకు గురించి పేపర్లో చదివి చెప్పట్లేదు.

ముందు సూటిగా జవాబు. నష్టపరిహారం గొడవ మీ ఉద్యోగాన్ని ఏమీ చేయదు. సరిహద్దు చెకింగు మీ వీకెండ్‌ని పాడుచేయొచ్చు, అంతే. మీరు నిజంగా కన్నేసి ఉంచాల్సింది జర్మనీలో కార్ల పరిశ్రమ మీద. ఎందుకో చెప్తాను, కాస్త పెద్దదవుతుంది.

రెండు దేశాల వ్యాపారం అనగానే మన బుర్రలోకి వచ్చేది, ఒకళ్ళు వస్తువు తయారుచేస్తారు, ఇంకొకళ్ళు కొనుక్కుంటారు అని. మామిడిపళ్ళ ఎగుమతిలాగా. అక్కడ జరిగేది వేరు. ఒకే ఫ్యాక్టరీని విడదీసి, రెండు దేశాల సరిహద్దులో పారే ఓడర్ నదికి అటూ ఇటూ పరిచారు. ఫోక్స్‌వ్యాగన్ 1993లోనే పొజ్నాన్‌కి వచ్చింది. జర్మనీలో ప్లంబర్లూ కొరియర్ వాళ్ళూ నడిపే కాడీ వ్యాన్ తయారయ్యేది అక్కడే. క్రాఫ్టర్ వ్యాన్ల కోసం 2016లో వ్జెష్న్యాలో ఇంకో ప్లాంటు తెరిచారు. మీరు వెళ్ళబోయే దిగువ సైలీషియా ప్రాంతంలోనే పోల్కోవిత్సెలో ఫోక్స్‌వ్యాగన్ ఇంజన్ల ప్లాంటు, యావోర్‌లో మెర్సిడెస్ ఇంజన్ల ప్లాంటు ఉన్నాయి. యావోర్‌లో తయారైన ఇంజన్ పోలండ్‌లో కారులో కూర్చోదు, లారీ ఎక్కి పడమటికి పోతుంది.

ఒక అల్యూమినియం హౌసింగ్ సంగతి తీసుకుందాం, మాకు మామూలుగా కనిపించేదే. పోత పోసేది పోలండ్‌లో. మెషీనింగ్‌కి జర్మనీలోని సాక్సనీ వెళ్తుంది. బేరింగులు, సీళ్ళు జర్మనీ నుంచే వస్తాయి. అన్నీ మళ్ళీ పోలండ్‌లో అసెంబ్లీ అయి, పూర్తి యూనిట్‌గా బవేరియాలోని ప్లాంటుకు చేరుతుంది. నది దాటిన ప్రతిసారీ అది ఒక ఎగుమతి, ఒక దిగుమతి. వ్యాపారం అంత పెద్దదిగా కనిపించడానికి ఇదీ ఒక కారణం. ఒకే ముక్కను రెండు మూడుసార్లు లెక్కపెడుతున్నారు.

ఇందులో ఒక లింకు తెంచడం ఎంత కష్టమో బయటివాళ్ళకి తెలియదు. కార్ల పరిశ్రమలో కొత్త సప్లయర్‌ని అప్రూవ్ చేయాలంటే శాంపిల్స్, కొలతల రిపోర్టులు, ఓర్పు పరీక్షలు, ప్లాంటు ఆడిటు, ట్రయల్ బ్యాచ్... ఇవన్నీ అయ్యేసరికి ఏడాది దాటిపోతుంది. అచ్చులు కస్టమర్‌వే అయినా, వాటిని ఒక ప్రెస్ మీంచి తీసి ఇంకో దేశంలో బిగిస్తే మొదటిరోజే సరిగ్గా పనిచేస్తాయన్న నమ్మకం లేదు. స్టాకు కూడా రోజుల్లో ఉండదు, షిఫ్టుల్లో ఉంటుంది. వార్సాలో ఒక మంత్రి, బెర్లిన్‌లో ఒక మంత్రి టీవీలో ఏమనుకున్నా, మర్నాడు పొద్దున నాలుగింటికి లారీ డాక్ దగ్గర ఉండాల్సిందే. లైన్ ఆగితే ఎవరి జెండా అని అడగరు, ఎవరి డెబిట్ నోటు, అంటే నష్టం బిల్లు ఎవరి మీద వేయాలి అని అడుగుతారు.

లెక్కలు కొన్ని చెప్తాను. 2022లో రెండు దేశాల మధ్య సరుకు వ్యాపారం జర్మన్ లెక్కల ప్రకారం దాదాపు 168 బిలియన్ యూరోలు, అప్పటికి అదే రికార్డు. పోలండ్ నష్టపరిహారం కోరుతూ అధికారికంగా దౌత్య లేఖ పంపింది కూడా ఆ ఏడాదే అని గుర్తుపెట్టుకోండి. 2024 మొదటి ఆరు నెలల్లో జర్మనీ చైనాకి అమ్మినదానికంటే పోలండ్‌కి అమ్మింది ఎక్కువ. జనాభా చూస్తే అక్కడ 140 కోట్లు, ఇక్కడ నాలుగు కోట్లకు లోపు. అయితే ఈ బంధంలో బరువు రెండు వైపులా సమానం కాదు. పోలండ్ ఎగుమతుల్లో నాలుగో వంతుకు పైగా ఒక్క జర్మనీకే వెళ్తాయి. జర్మనీకి పోలండ్ మొదటి అయిదు భాగస్వాముల్లో ఒకటి, అంతే. జలుబు ఎవరికి చేస్తే ఎవరు మందు కొనుక్కోవాలో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇక్కడ ఒక తమాషా ఉంది, ఈ విషయం మీద వాదించే చాలామందికి ఇది తెలియదు. జర్మన్ గణాంకాలు చూస్తే పోలండ్‌తో జర్మనీకి మిగులు కనిపిస్తుంది. పోలండ్ గణాంక సంస్థ గుస్ లెక్క చూస్తే జర్మనీతో పోలండ్‌కే మిగులు, అదీ భారీగా. ఇద్దరూ "నేనే ఎక్కువ అమ్ముతున్నాను" అంటున్నారు, ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. కిటుకు ఎక్కడుందంటే, దిగుమతి లెక్కలో ఇద్దరూ సరుకు పుట్టిన దేశాన్ని రాసుకుంటారు, ఎగుమతి లెక్కలో చేరిన దేశాన్ని. చైనా టీవీ ఒకటి హాంబుర్గ్ రేవులో దిగి, అక్కడే కస్టమ్స్ కట్టేసి, లారీలో పోలండ్ వెళ్ళిందనుకోండి. జర్మనీ దాన్ని పోలండ్‌కి ఎగుమతి అని రాస్తుంది. పోలండ్ దాన్ని చైనా నుంచి దిగుమతి అని రాస్తుంది. ఎదురు దిక్కులో కూడా ఇంతే. అమెజాన్ 2014లోనే వ్రొత్స్వాఫ్, పొజ్నాన్ దగ్గర పెద్ద గోడౌన్లు పెట్టింది, కానీ పోలండ్ వాళ్ళ కోసం పోలిష్ వెబ్‌సైటు తెరిచింది 2021లో! మధ్యలో ఆ ఏడేళ్ళూ ఆ గోడౌన్లు ప్యాక్ చేసింది ప్రధానంగా జర్మన్ల ఆర్డర్లే. జర్మనీలో వేర్దీ యూనియన్ సమ్మెలు చేస్తున్నా పార్సెళ్ళు టైముకి వెళ్ళాయంటే అందులో ఈ గోడౌన్ల పాత్ర ఉంది. అందుకే ఎవరైనా ఒక్క అంకె చూపించి "జర్మనీ దోచుకుంటోంది" అనో "పోలండ్ బాగుపడింది మా వల్లే" అనో అంటే, అది ఎవరి లెక్క అని ముందు అడగండి.

సరే, రాజకీయం సంగతి. మీరు ఉండబోయే ఊరే ఇందులో ఒక పాత్ర కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

వ్రొత్స్వాఫ్ 1945 దాకా బ్రెస్లావు. జర్మన్ నగరం. యుద్ధం తర్వాత పోలండ్ దేశాన్నే పటం మీద పడమటికి జరిపేశారు. తూర్పున ఉన్న భూములు సోవియట్ యూనియన్‌కి పోయాయి, బదులుగా ఓడర్, నైసె నదుల దాకా జర్మనీ భూములు వచ్చాయి. అక్కడి జర్మన్లను లక్షల సంఖ్యలో వెళ్ళగొట్టారు. వాళ్ళ ఇళ్ళలోకి తూర్పున ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న పోలిష్ కుటుంబాలు వచ్చి చేరాయి. అంతకుముందు ఆరేళ్ళలో జర్మన్ ఆక్రమణ కింద దాదాపు 60 లక్షల మంది పోలండ్ పౌరులు చనిపోయారు, అందులో సగం మంది యూదులు. వార్సాను ఇల్లిల్లూ వరసపెట్టి కూల్చారు. ఇక్కడివాళ్ళతో ఈ విషయం మాట్లాడేటప్పుడు ఈ రెండు సంగతులనీ ఒకే తక్కెడలో పెట్టకండి, వాళ్ళకి మహా కోపం. అది న్యాయమైన కోపమే.

కలవడానికి మొదటి అడుగు వేసింది దౌత్యవేత్తలు కాదు, బిషప్పులు. 1965లో పోలిష్ బిషప్పులు జర్మన్ బిషప్పులకి ఉత్తరం రాశారు: "క్షమిస్తున్నాం, క్షమించమని అడుగుతున్నాం" అని. దాన్ని రాసిన బొలెస్వాఫ్ కొమినెక్ వ్రొత్స్వాఫ్ ఆర్చ్‌బిషప్పే. అప్పటి కమ్యూనిస్టు ప్రభుత్వం మండిపడింది. ఇప్పుడు ఊళ్ళో ఆయనకి విగ్రహం ఉంది, ఆ మాటలే దాని మీద చెక్కారు. 1970 డిసెంబర్ 7న పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ విల్లీ బ్రాంట్ వార్సాలో ఒప్పందం మీద సంతకం చేసిన రోజే ఘెట్టో (నాజీలు యూదులను బంధించిన పేట) వీరుల స్మారకం ముందు మోకరిల్లాడు. ప్రపంచమంతా చూసిన ఆ ఫోటోని పోలండ్ పత్రికల్లో పెద్దగా రానివ్వలేదు. ఇంకో మెలిక, ఆయన మోకరిల్లింది యూదుల స్మారకం దగ్గర. "మరి మిగతా పోలిష్ మృతుల సంగతో?" అన్న మాట అప్పటినుంచీ ఉంది. బెర్లిన్ నడిబొడ్డున పోలండ్ బాధితులకి స్మారకం కావాలన్న డిమాండ్ వెనక ఉన్నది ఇదే. 2025 జూన్‌లో అక్కడ ఒక పెద్ద బండరాయిని నిలబెట్టారు, 1939 సెప్టెంబర్ 1న హిట్లర్ యుద్ధం ప్రకటించిన క్రోల్ ఒపేరా ఉండే చోట. అదీ తాత్కాలికమే, అసలు స్మారకం ఇంకా కట్టాలి. ఎనభై ఏళ్ళకి ఒక రాయి. బెర్లిన్ ఆలస్యం బెర్లిన్‌కి ఎప్పుడూ అర్థం కాదు.

1989 నవంబర్‌లో ఛాన్సలర్ హెల్ముట్ కోల్ వార్సాలో ఉండగానే బెర్లిన్ గోడ కూలింది. పర్యటన ఆపేసి పరిగెత్తాడు, మళ్ళీ తిరిగొచ్చి 12వ తేదీన వ్రొత్స్వాఫ్‌కి దగ్గర్లోని క్షిజోవా ఊళ్ళో ప్రార్థన సభలో పోలండ్ ప్రధాని తదేవుష్ మజొవియెత్స్కిని ఆలింగనం చేసుకున్నాడు. ఫోటో బాగా వచ్చింది. కానీ అదే నెల చివర రెండు జర్మనీలను కలపడానికి కోల్ ప్రకటించిన పది సూత్రాల పథకంలో పోలండ్ సరిహద్దు గురించి ఒక్క ముక్క లేదు. వెళ్ళగొట్టబడిన జర్మన్ల సంఘాల ఓట్లు ఆయనకి కావాలి మరి. పోలండ్ వదల్లేదు. 1990 నవంబర్ 14న సరిహద్దు ఒప్పందం, 1991 జూన్ 17న మంచి పొరుగు ఒప్పందం కుదిరాయి. ఫ్యాక్టరీలు వచ్చింది వీటి తర్వాతే. ఎవరి భూమి మీద ఎవరి దావా ఉందో తేలకుండా ఏ కంపెనీ షెడ్డు వేయదు. వ్యాపారానికి దౌత్యం చేసిన అసలు ఉపకారం ఈ రెండు సంతకాలు. ఆ తర్వాత జరిగిన గొడవలేవీ వీటిని కదపలేదు కాబట్టే వాటి దెబ్బ షాప్‌ఫ్లోర్ దాకా రాలేదు.

నష్టపరిహారం విషయానికొస్తే, 2022 సెప్టెంబర్ 1న అప్పటి లా అండ్ జస్టిస్ పార్టీ ప్రభుత్వం ఒక నివేదిక బయటపెట్టి నష్టాన్ని 6.2 ట్రిలియన్ జ్లోటీలుగా (పోలండ్ కరెన్సీ) లెక్కకట్టింది, అంటే 1.3 ట్రిలియన్ యూరోలు. జర్మనీ జవాబు ఎప్పుడూ ఒకటే: చట్టపరంగా ఇది ముగిసిన అధ్యాయం. 1953లో పోలండ్ కమ్యూనిస్టు ప్రభుత్వం నష్టపరిహారం వదులుకుంటున్నట్టు ప్రకటించింది, దాన్ని చూపిస్తారు. పోలండ్ వాదన, ఆ ప్రకటన మాస్కో మెడ మీద కత్తి పెట్టి చేయించిందని. 2025 సెప్టెంబర్‌లో కొత్త అధ్యక్షుడు కరోల్ నవ్రొత్స్కి బెర్లిన్ వెళ్ళి మళ్ళీ అడిగాడు, మళ్ళీ అదే జవాబు వచ్చింది. ప్రధాని దొనల్ద్ తుస్క్‌ది వేరే పక్షం, ఆయన అంత మొత్తం వెంట పడట్లేదు, బతికున్న బాధితులకి సాయం, స్మారకం, రక్షణ సహకారం అంటున్నాడు. తుస్క్ జర్మనీతో మెత్తగా ఉంటాడని ప్రత్యర్థులు ఎప్పుడూ అంటారు. 2005 అధ్యక్ష ఎన్నికల్లో అయితే వాళ్ళ తాత జర్మన్ సైన్యంలో ఉన్నాడన్న సంగతి తవ్వి తీశారు. అంటే ఈ అంశం సగం జర్మనీతో గొడవ, సగం ఇంటి గొడవ. పోలండ్‌లో ఎన్నికలు దగ్గరపడ్డప్పుడల్లా స్వరం పెరుగుతుంది, చూస్తూ ఉండండి.

నా అంచనా అడిగితే, ఆ 1.3 ట్రిలియన్లు ఎవరూ ఇవ్వరు, అడిగేవాళ్ళకీ ఆ సంగతి తెలుసు. కానీ "ఫైలు మూసేశాం" అన్న గుమాస్తా జవాబు కూడా బెర్లిన్‌కి మంచి చేయట్లేదు. బతికున్న ముసలివాళ్ళకి ఏదో ఒకటి త్వరగా ఇచ్చేసి ఉంటే ఈ గొడవ గాలి సగం పోయేది.

గొడవల్లో నేను నిజంగా బరువుగా చూసేది గ్యాస్ పైప్‌లైన్‌ని. 2005 సెప్టెంబర్‌లో అప్పటి జర్మన్ ఛాన్సలర్ ష్రోడర్, రష్యా అధ్యక్షుడు పుతిన్ సమక్షంలో బాల్టిక్ సముద్రం అడుగున రష్యా నుంచి నేరుగా జర్మనీకి నోర్డ్ స్ట్రీమ్ అనే పైపు వేయడానికి ఒప్పందం కుదిరింది. పోలండ్‌నీ ఉక్రెయిన్‌నీ పక్కకి నెట్టి. కొన్ని నెలలకే పదవి దిగిపోయిన ష్రోడర్ ఆ ప్రాజెక్టులోనే కుర్చీ వేసుకున్నాడు. అప్పటి పోలండ్ రక్షణ మంత్రి రదొస్వాఫ్ షికోర్స్కి 2006లో దీన్ని 1939లో హిట్లర్, స్టాలిన్ ప్రభుత్వాలు పోలండ్‌ని పంచుకున్న మొలొతోవ్–రిబెన్‌ట్రాప్ ఒప్పందంతో పోల్చాడు. జర్మన్లు అతిశయోక్తి అని నొచ్చుకున్నారు. బెర్లిన్ పాట ఒకటే: ఇది కేవలం వ్యాపారం. రెండో పైపు కూడా వేశారు, క్రిమియా ఆక్రమణ తర్వాత కూడా.

పోలండ్ ఊరికే తిట్టి కూర్చోలేదు, అది నాకు నచ్చిన విషయం. ష్వినోయుష్చియె రేవులో ఎల్‌ఎన్‌జీ (ఓడల్లో తెచ్చే ద్రవ గ్యాస్) టెర్మినల్ కట్టింది. నార్వే గ్యాస్ కోసం డెన్మార్క్ మీదుగా బాల్టిక్ పైప్ వేసింది. 2022 సెప్టెంబర్ 26న నోర్డ్ స్ట్రీమ్ పైపులు పేలిపోయాయి, 27న బాల్టిక్ పైప్ ప్రారంభోత్సవం జరిగింది. కథకుడు రాస్తే నమ్మం. ఈ పేలుడు కేసులో జర్మనీ కోరిన ఉక్రెయిన్ పౌరుణ్ణి 2025లో పోలండ్ కోర్టు అప్పగించనంది. సమస్య పైపుని పేల్చడం కాదు, దాన్ని వేయడం అని తుస్క్ అన్నది ఆ సందర్భంలోనే. జర్మనీతో మెత్తగా ఉంటాడని పేరుపడ్డ మనిషి ఈ మాట అన్నాడంటే, పైప్‌లైన్ విషయంలో పోలండ్‌లో రెండు పార్టీలు లేవని అర్థం చేసుకోండి.

ఈ గొడవ ఒక్కచోట మాత్రం నేరుగా పైసల్లోకి దిగింది. ఓడర్ పక్కన ష్వెట్ అని జర్మన్ ఊరు, అక్కడి రిఫైనరీ బెర్లిన్ చుట్టుపక్కలకి పెట్రోలు ఇస్తుంది. క్రూడ్ మొత్తం రష్యా నుంచి ద్రుజ్బా పైపులో వచ్చేది, మెజారిటీ వాటా రష్యా కంపెనీ రోస్‌నెఫ్త్‌ది. రష్యా చమురు ఆపేయాల్సి వచ్చాక జర్మనీకి పోలండ్‌లోని గ్దాన్స్క్ రేవు అవసరమైంది. పోలండ్ ఏమందంటే, రోస్‌నెఫ్త్ చేతిలో ఉన్నంతకాలం మా రేవు నుంచి చుక్క రాదు అని. 2022 సెప్టెంబర్‌లో జర్మన్ ప్రభుత్వం రోస్‌నెఫ్త్ వాటాని తన అజమాయిషీలోకి తీసుకుంది, ఆ తర్వాత గ్దాన్స్క్ దారి తెరుచుకుంది. పోలండ్ చేతిలో తాళం ఉండి, దాన్ని వాడి పని చేయించుకున్న అరుదైన సందర్భం ఇది.

రక్షణ కొనుగోళ్ళలో కూడా ఈ అపనమ్మకం కనిపిస్తుంది. పక్కింట్లో లెపర్డ్ ట్యాంకులు తయారవుతుంటే పోలండ్ 2022లో దక్షిణ కొరియా వెళ్ళి కె2 ట్యాంకులూ కె9 ఫిరంగులూ ఆర్డరిచ్చింది. త్వరగా ఇస్తామన్నారు, ఇచ్చారు. దీన్ని రాజకీయం అనేవాళ్ళున్నారు. కొనుగోళ్ళ మనిషిగా నేనైతే లీడ్ టైమ్ అంటాను, ఆర్డరిచ్చాక సరుకు చేతికొచ్చేదాకా పట్టే కాలం.

సరిహద్దు చెకింగుల సంగతి. పోలండ్ 2007 డిసెంబర్‌లో షెంగెన్‌లో, అంటే సరిహద్దు తనిఖీలు లేని యూరప్ దేశాల కూటమిలో చేరాక ఆ సరిహద్దు దాదాపు మాయమైంది. ఫ్రాంక్‌ఫుర్ట్ ఆన్ డెర్ ఓడర్, అవతలి ఒడ్డున స్లుబిత్సె, రెండు ఊళ్ళ మధ్య సిటీ బస్సు తిరుగుతుంది, వేడినీటి పైపులు కూడా కలిపేసుకున్నారు. అలాంటి చోట 2023 అక్టోబర్ నుంచి జర్మనీ అక్రమ వలసల పేరుతో చెకింగు పెట్టింది. పట్టుబడ్డవాళ్ళని పోలండ్‌లోకి తిప్పి పంపుతుంటే పోలండ్‌లో కాక పుట్టింది, కొందరు జాతీయవాదులు సొంతంగా కాపలా మొదలుపెట్టారు, చివరికి 2025 జూలై 7 నుంచి పోలండ్ కూడా ఎదురు చెకింగు పెట్టింది. ఫ్రాంక్‌ఫుర్ట్ స్టేషన్‌లో రైలు దిగిన ముగ్గురు సోమాలీలను వెనక్కి పంపడం చట్టవిరుద్ధమని బెర్లిన్ కోర్టు చెప్పినా పద్ధతి మారలేదు. సరుకు మీద ప్రభావం? ఎ12 హైవే మీద లారీల బారు. మేం రవాణా టైములో కాస్త బఫర్ పెంచుకున్నాం, ట్రాన్స్‌పోర్టర్లు వెయిటింగ్ చార్జీలు అడిగారు, బేరమాడాం. అంతకుమించి ఏమీ కాలేదు. నష్టపోయింది రోజూ నది దాటి పనికెళ్ళే మామూలు జనం.

ఇక మీ ఉద్యోగం. జర్మన్ కంపెనీలు పోలండ్ వచ్చింది మొదట చవక కూలీ కోసం, దాచుకోవడానికి ఏముంది. 2004లో యూరోపియన్ యూనియన్‌లో చేరినప్పుడు పోలండ్‌లో నెలకి కనీస వేతనం 824 జ్లోటీలు. 2025లో 4,666. చేరిన కొత్తలో పోలిష్ వాళ్ళకి జర్మనీ తన ఉద్యోగాల తలుపు ఏడేళ్ళు మూసేసింది, 2011 మే దాకా. వాళ్ళేమో బ్రిటన్ వెళ్ళిపోయారు. ఇప్పుడు జర్మనీలో డ్రైవర్లూ నర్సులూ దొరకట్లేదు, పోలండ్ వాళ్ళలో తిరిగి ఇంటిదారి పట్టేవాళ్ళు పెరిగారు. చేతిపని ఎక్కువుండే కేబుల్ హార్నెస్ (కారులోని వైర్ల కట్టలు) లాంటి పనులు రొమేనియా, సెర్బియా, మొరాకో వైపు జారుతున్నాయి. పోలండ్‌లో మిగిలేదీ పెరిగేదీ ఇంజనీరింగు, ఆటోమేషన్, ఐటీ, అకౌంట్స్ సెంటర్లు. డబ్బు కూడా ఎదురు ప్రవహిస్తోంది. పోలండ్ ప్రభుత్వ చమురు కంపెనీ ఓర్లెన్‌కి జర్మనీలో వందల పెట్రోలు బంకులున్నాయి, చాలాకాలం 'స్టార్' అన్న పేరుతో నడిపి ఇప్పుడు సొంత పేరు పెడుతోంది. బెర్లిన్‌లో తిరిగే కరెంటు బస్సుల్లో ఎన్నో పొజ్నాన్ పక్కనున్న బొలెహోవోలో తయారైన సొలారిస్‌వే.

జర్మనీ ఆర్థిక వ్యవస్థ 2023, 2024 వరసగా రెండేళ్ళు కుంచించుకుపోయింది. పోలండ్ 2024లో దాదాపు 3 శాతం పెరిగింది, సొంత జనం ఖర్చుపెట్టడం వల్ల. కాబట్టి దేశం మొత్తంగా చూస్తే జర్మనీ మీద ఆధారం తగ్గుతోంది. ఒక్కో ఫ్యాక్టరీని చూస్తే తగ్గలేదు. డీజిల్ ఇంజన్ల విడిభాగాలు చేసే ప్లాంటులో షిఫ్టులు తగ్గిస్తున్నారంటే దానికి వార్సా, బెర్లిన్ గొడవలతో సంబంధం లేదు.

అందుకని ఆఫర్ ఒప్పుకునే ముందు హెచ్‌ఆర్‌ని రాజకీయం అడక్కండి. ఆ యూనిట్ తయారుచేసేది ఏ మోడల్‌కి వెళ్తుంది, ఆ మోడల్ ఎప్పటిదాకా నడుస్తుంది, ఎలక్ట్రిక్ కార్లలో కూడా పనికొచ్చే భాగమేనా, ఒక్క కస్టమరేనా ఇంకా ఉన్నారా, ఇవి అడగండి. చెప్పకుండా నసిగితే అదీ ఒక జవాబే. కాంట్రాక్టు పోలిష్ కంపెనీతోనా జర్మన్ కంపెనీతోనా చూసుకోండి, జీతం జ్లోటీల్లో వస్తుంది, పోలండ్ ఇంకా యూరోలోకి మారలేదు. మనవాళ్ళు తరచూ పొరబడేది ఇంకోటి: పోలండ్ రెసిడెన్స్ కార్డుతో 180 రోజుల్లో 90 రోజుల దాకా జర్మనీలో తిరగొచ్చు, అక్కడ ఉద్యోగం చేయకూడదు. మీ మేనేజర్ "ఒక నెల డ్రెస్డెన్ ప్లాంటులో కూర్చో" అంటే, దానికి ఏ కాగితాలు కావాలో కంపెనీ చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. వర్క్ పర్మిట్ మామూలుగా ఆ యజమాని పేరుకే ముడిపడి ఉంటుంది, మారితే మళ్ళీ మొదలు.

వీకెండ్‌లో బెర్లిన్ వెళ్ళేటప్పుడు పాస్‌పోర్టూ కార్డూ రెండూ ఒరిజినల్స్ జేబులో ఉండాలి. ఫోన్‌లో ఫోటో చూపిస్తే సరిహద్దు పోలీసులు ఒప్పుకోరు, తిరుగు ప్రయాణంలో పోలండ్ వాళ్ళూ అడగొచ్చు. నాన్నగారికి మాత్రం ఆ పది సూత్రాల కథా గిథా చెప్పకండి, యావోర్‌లో మెర్సిడెస్ ఇంజన్లు తయారవుతాయని చెప్పండి, చాలు.